పొడుగు వాల్వు ట్యూబు

ల్యాబులో అందరూ ఆమెను సూదక్క అంటారు. పొద్దున ఆరున్నరకల్లా కుర్చీలో కూర్చుని, ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళ చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం దొరకబుచ్చుకుని, "అయిపోయిందండీ, దూది గట్టిగా నొక్కి పట్టుకోండి" అనేదాకా సూది దిగిన సంగతే తెలియనివ్వదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆమెకు నరం తప్పిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అంత తేలికచెయ్యి మనిషికి కడుపులో మాత్రం ఏడాదిగా ఒకటే మంట. ఆ మంటకు మందు ఏ షాపులోనూ దొరకదు. ఎందుకంటే అది తోడికోడలి వల్ల వచ్చింది.

మొదట్లో ఇదంతా నడుము నొప్పితో మొదలైంది. రోజంతా వంగి సూదులు గుచ్చితే నడుము ఊరుకుంటుందా? డాక్టరు ఈత కొట్టమన్నాడు. నలభై ఒకటో ఏట, మోకాళ్ళదాకా ఉన్న ఈతదుస్తులేసుకుని, పిల్లలు నేర్చుకునే తక్కువ లోతులో ముక్కు మూసుకుని మునిగింది. ఏడాది తిరిగేసరికి కొలను ఆ చివరి నుంచి ఈ చివరికి నలభై సార్లు ఆగకుండా ఈదుతోంది. అప్పుడే కోచ్ చెప్పాడు, ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకే రోజు ఒకదాని వెనక ఒకటి చేసే పోటీ ఉంటుందని. దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. ఎనిమిదిన్నర గంటల్లో ముగిస్తే మెడలో పతకం. ఒక్క నిమిషం దాటినా ఏమీ లేదు.

విన్న వాళ్ళంతా నవ్వారు. ఆమె నవ్వలేదు. ఉమ్మడి ఇంట్లో ఆమెకంటూ ఏముంది? పొయ్యి అందరిదీ, బీరువాలో ఒక అర చిన్నకోడలిది, ఆఖరికి కిటికీ పక్క కుర్చీ కూడా అత్తగారు లేచాక దొరికేదే. ఈ పోటీ ఒక్కటే తన సొంతం అనుకుంది. పాత సైకిలు ఒకటి సంపాదించి, పొద్దున నాలుగున్నరకే లేచి తొక్కేది. పోయినేడాది మొదటిసారి దిగితే, పరుగులో ఇంకా రెండు కిలోమీటర్లుండగా గడువు అయిపోయింది. "ఇక చాలమ్మా" అని ఒక మనిషి జెండా అడ్డం పెట్టాడు. ఆ జెండా ఇప్పటికీ ఆమె కలలోకి వస్తుంది.

సరిగ్గా అప్పుడే చిన్నకోడలికి సరదా పుట్టింది. ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆఫీసులో పని ఆ అమ్మాయిది, ఈమెకంటే పదకొండేళ్ళు చిన్న. "అక్కా, నాకూ ఈత నేర్పవా?" అని వెంటపడింది. నేర్పింది, ఎందుకు నేర్పదు? గురువు కావడం ఎవరికి చేదు? శ్వాస ఎప్పుడు తీసుకోవాలో, చెయ్యి నీళ్ళను ఎలా పట్టాలో, దగ్గరుండి నేర్పింది. ఆరు నెలలకు ఏకు మేకై కూర్చుంది. కొలనులో ఈమె ముప్ఫై సార్లు తిరిగేలోపు ఆ అమ్మాయి ముప్ఫై నాలుగు తిరిగి, గట్టు మీద కూర్చుని తువ్వాలు పట్టుకుని "రా అక్కా, ఇంకొక్కసారి!" అని చప్పట్లు కొట్టేది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కొమ్ములు చప్పట్లు కూడా కొడతాయని మాత్రం చెప్పలేదు.

పోనీ ఆ అమ్మాయికి పొగరుందా అంటే అదీ లేదు. వంక పెట్టడానికి ఒక్క దుర్గుణమున్నా ఎంత హాయిగా ఉండేది! అడగకుండానే గిన్నెలు తోమేస్తుంది, బావగారి చొక్కాలు ఇస్త్రీ చేయించి తెస్తుంది, నవ్వితే పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంది. అత్తగారు ఎవరు వచ్చినా "మా చిన్నది పరిగెడితే లేడిపిల్లే" అంటుంది. కడుపున పుట్టిన కూతురు కూడా ఒకరోజు "పిన్ని ఎంత ఫాస్టో చూశావా అమ్మా!" అని, తల్లి మొహం చూసి, "నువ్వు కూడా బాగానే చేస్తావులే" అని ఓదార్చింది. సూదక్క ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయింది. కడుపు నిండిందని చెప్పింది. నిజమే, నిండింది అన్నంతో కాదు.

ఈ ఏడు పోటీకి ఇద్దరూ పేర్లిచ్చారు. అంటే ఇంట్లోకి మొదటి పతకం ఎవరు తెస్తారనేది గంటల లెక్కన అందరికీ ముందే తెలిసిపోయింది. నేర్పినది ఈమె, మొదలెట్టినది ఈమె, మొదటి పతకం మాత్రం ఆమెది. తలచుకుంటేనే సూదక్కకు చెవులు వేడెక్కేవి.

ఆ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా సంచి సర్దేది పెద్దకోడలే. అది పెళ్ళయిన కొత్తలో పడ్డ అలవాటు. అందుకని పోటీకి ముందురోజు సాయంత్రం, చిన్నకోడలు ఇద్దరి పోటీ నంబర్లూ తేవడానికి వెళ్తూ, "అక్కా, నా సైకిలు సంచి కూడా ఒకసారి చూడవా" అని వెళ్ళింది. సీటు కింద కట్టుకునే చిన్న సంచి అది. దారిలో పంక్చరైతే ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి. బయటి మనిషి చెయ్యి వేస్తే పోటీ నుంచి తీసేస్తారు. తోటి పోటీదారు ఇస్తే మాత్రం తప్పులేదు.

రెండు సంచులూ భోజనాల బల్ల మీద కుమ్మరించింది. రెండు ట్యూబులు, రెండు గాలి పంపులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లలు. చిన్నకోడలి చక్రాలు వాళ్ళ అన్నయ్య కానుకగా ఇచ్చినవి, రిమ్ము నాలుగు వేళ్ళ లోతుంటుంది. గాలి కొట్టే వాల్వు పొడుగ్గా లేకపోతే రిమ్ము చిల్లులోంచి బయటికే రాదు. ఈమె పాత సైకిలుకు పొట్టి వాల్వు చాలు. ఏ ట్యూబు ఎవరిదో తేలికగా తెలియాలని ఆ అమ్మాయి తన ట్యూబుకు జుట్టుకు పెట్టుకునే ఊదారంగు బ్యాండు తగిలించింది.

అన్నీ తుడిచి, లెక్క చూసి, తిరిగి పెట్టింది. జిప్పు లాగబోతుండగా చూసుకుంది, ఊదా బ్యాండు తన సంచిలో ఉంది. పొరపాటే, కావాలని చేసింది కాదు. మార్చడానికి వేలు కూడా పెట్టింది. సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి అత్తగారి గొంతు.

"ఏమే, చిన్నదాని సామాను జాగ్రత్తగా సర్దు. రేపు పతకం తెచ్చేది అదే కదా!"

సూదక్క వేలు వెనక్కి తీసుకుంది. రెండు జిప్పులూ లాగేసింది. పంక్చరు పడితే కదా, అనుకుంది. వందమందిలో ఎందరికి పడుతుంది? పడకపోతే తప్పే లేదు కదా. దొంగకు కూడా ఇంతకంటే మంచి లాయరు దొరకడు.

మర్నాడు తెల్లవారుతూనే జలాశయంలో ఈత. సూదక్క యాభై నిమిషాలకు ఒడ్డుకొచ్చేసరికి సైకిళ్ళ వరుసలో చిన్నకోడలి సైకిలు లేదు. వెళ్ళిపోయింది. మామూలే. తడి జుట్టు మీదే హెల్మెట్ పెట్టుకుని బయల్దేరింది. ముప్ఫై కిలోమీటర్లు, నలభై, యాభై. ఎండ వీపు మీదికెక్కింది. ఈసారి లెక్క బాగానే ఉంది, ఇలాగే తొక్కితే గడువుకు పావుగంట ముందే ముగించవచ్చు.

అరవై రెండో కిలోమీటరు రాయి దాటగానే, రోడ్డు పక్క మట్టిలో చతికిలబడి ఉన్న నీలం చొక్కా కనిపించింది. పక్కన బోర్లా సైకిలు. చిన్నకోడలు.

సూదక్కకు ముందు కలిగింది సంతోషం. దాచేదేముంది, సంతోషమే. ఆ తర్వాతే భయం వేసింది.

"అక్కా!" చిన్నకోడలు చెయ్యి ఊపింది. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "అరగంట నుంచీ ఇక్కడే ఉన్నా. పొట్టి ట్యూబు పడింది నా సంచిలో. నేనే సరిగ్గా చూసుకోలేదు, నా బుద్ధి గడ్డి తిని. నువ్వు ఆగకు, నీ టైము పోతుంది. నీళ్ళు తాగుతూ వెళ్ళు!"

సూదక్క ఆగలేదు. "అయ్యో" అంది, తల ఊపింది, తొక్కుతూనే పోయింది. మొదటి పతకం ఇక తనదే. లేడిపిల్ల మట్టిలో కూర్చుంది. నూరు గజాలు, రెండు వందలు. అత్తగారి మొహం ఊహించుకుంది, కూతురి మొహం ఊహించుకుంది. ఎంత ఊహించుకున్నా ఆ మొహాల పక్కన నల్లటి మోచేతులు వచ్చి నిలబడుతున్నాయి. నేనే చూసుకోలేదు అందే! నెత్తి మీద రాయి పడ్డా రాయికి తగిలిందేమో అని అడిగే రకం. ఇలాంటి మనిషిని పట్టుకుని అసూయ పడటం కూడా ఎంత కష్టం!

"దీని దుంప తెగ!" అని పైకే తిట్టి బ్రేకు వేసింది. వెనక్కి తొక్కడం నిషేధం. దిగి, సైకిలు నడిపించుకుంటూ, ఇనప అడుగుల బూట్లు టకటకలాడుతుంటే రోడ్డు పక్కన వెనక్కి నడిచింది.

"ఎందుకొచ్చావక్కా?"

సూదక్క సైకిలు పక్కకు వాల్చింది. సంచి తెరిచి ట్యూబు తీసి ఇచ్చింది. ఇచ్చాక గానీ గుర్తు రాలేదు, దానికి ఊదా బ్యాండు ఇంకా అలాగే ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఏ సీసా మీద ఎవరి పేరుందో రెండుసార్లు చూసే మనిషి, ఆ బ్యాండు తియ్యడం మర్చిపోయింది.

చిన్నకోడలు బ్యాండును చూసింది. ఆ తర్వాత సూదక్కను చూసింది. ఎంతసేపు? నరం దొరికేంతసేపు. బ్యాండు తీసి మణికట్టుకు వేసుకుంది.

"అమ్మాయ్, అది..." అంది సూదక్క.

"పంపు పట్టుకో అక్కా. ఆలస్యమవుతుంది."

ఇద్దరూ కలిసి టైరు ఎక్కించారు, ఒకరు అలిస్తే ఒకరు గాలి కొట్టారు. పొట్టి ట్యూబును చుట్టి సూదక్క సంచిలో తనే పెట్టి జిప్పు లాగింది ఆ అమ్మాయి. "ట్యూబు లేకుండా వెళ్ళకు" అని మాత్రం అంది. సైకిలెక్కింది, రెండు మలుపుల్లో కనుమరుగైపోయింది.

పరుగు గురించి చెప్పుకోవడానికేం లేదు. నడిచింది, పరిగెత్తింది, కక్కుకుంది, మళ్ళీ పరిగెత్తింది. పోయినేడు జెండా పెట్టిన చోట ఈసారి ఎవరూ లేరు. ఎనిమిది గంటల ఇరవై ఏడు నిమిషాలకు గీత దాటింది. మూడు నిమిషాలు మిగిలాయి. చిన్నకోడలు ముప్పావుగంట ముందే వచ్చేసింది, బహుమతి స్థానం మాత్రం ఆ అరగంటలో పోయింది.

పతకం మెడలో పడీ పడకముందే మైకులో ఎవరో ఆమె నంబరు పిలిచారు. తన గడువు పణంగా పెట్టి, ఉన్న ఒక్క ట్యూబునూ తోటి పోటీదారుకు ఇచ్చినందుకు ప్రత్యేక బహుమతి అన్నారు. చిన్నకోడలు గీత దాటిన వెంటనే వెళ్ళి చెప్పిందట. జనం లేచి నిలబడి చప్పట్లు. చేతిలో ఒక కప్పు పెట్టారు. కూతురు వచ్చి చెమట పట్టిన మెడను కావలించుకుని ఏడ్చేసింది. అత్తగారు, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా బాగుందనని అత్తగారు, తల మీద చెయ్యి పెట్టి, "నీది వెన్నలాంటి మనసే. ఇన్నాళ్ళూ గుర్తించలేదు" అంది. కప్పు తన ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చూపించడం మొదలెట్టింది.

సూదక్క కోరుకున్నవన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. ఒక్కటీ గొంతు దిగలేదు.

డేరా వెనక, చిన్నకోడలు నేల మీద కాళ్ళు చాపుకుని బూట్లు విప్పుకుంటోంది. జుట్టు ఊదా బ్యాండుతో కట్టుకుంది.

"ఎందుకలా చెప్పావు?"

"ఏం చెప్పాను? వెళ్ళిపోయిన దానివి మళ్ళీ వెనక్కొచ్చావు. నేను చూసింది అదేగా."

"నీకు తెలుసు."

"తెలుసు." ఆ అమ్మాయి లేసు ముడి దగ్గరే చూపు నిలిపింది. "ముందు ఏడుపొచ్చింది. పది కిలోమీటర్లు ఏడుస్తూనే తొక్కా. ఆ తర్వాత ఏమో, పోయింది. ఇంకెవరికీ తెలియక్కర్లేదక్కా. వదిలెయ్."

సూదక్క అక్కడే నిలబడిపోయింది. ఈతలో ఐదు నిమిషాలు, సైకిలు మీద అరగంట, పరుగులో ఇంకో అరగంట. వాటికి ఏడ్వడం అలవాటైపోయింది. కానీ ఇది? మంచితనంలో కూడా ఈ పిల్లే ముందా? ఇంత పెద్ద తప్పును పది కిలోమీటర్లలో క్షమించి పారేసి, ఇక్కడ కూర్చుని బూట్లు విప్పుకుంటోందా? కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టయింది. తన జన్మలో ఇంతగా ఎవరినీ చూసి ఓర్వలేకపోయింది లేదు. అన్నిటా ఓడింది, సరే. ఇందులో కూడా ఓడితే ఇక బతికి లాభమేంటి?

గిరుక్కున తిరిగి, అత్తగారున్న వైపు నడిచింది. ఎక్కడికి వెళ్తోందో చిన్నకోడలికి అర్థమైంది.

"అక్కా, వద్దు! ఆగు!"

ఆపుదామని ఒక్క ఉదుటున లేచింది. పిక్క పట్టేసింది. "అమ్మా" అని కాలు పట్టుకుని అక్కడే కూలబడింది. సూదక్క కుంటుతోంది, తొడలు మంటెత్తుతున్నాయి, బొటనవేలి గోరు ఊడేలా ఉంది. అయినా ఆగలేదు. ఆ అమ్మాయి ఆమెను అందుకోలేకపోవడం అదే మొదటిసారి.

అత్తగారు ఎవరికో కప్పు చూపిస్తూ, "మా పెద్దకోడలండీ" అంటోంది. కూతురు పక్కనే నిలబడి ఫోటో తీస్తోంది.

"అత్తయ్యా, ఆ కప్పు కింద పెట్టండి" అంది సూదక్క. "ఆ ట్యూబు నాది కాదు."