కాల్‌బైశాఖి కిక్కురుమనని రోజు

కలకత్తా బెహాలాలో ప్రణబేశ్ హల్దార్ అంటే ఎవరికీ తెలియదు. కంప్యూటర్లో పేకాడే మాస్టారంటే మాత్రం చేపల బజారు దాకా తెలుసు. ఒకప్పుడు అకౌంట్స్ ట్యూషన్లు చెప్పుకునేవాడు. అది మానేసి ఇప్పుడు ఇంటిపట్టునే కూర్చుని పోకర్ ఆడుతున్నాడు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇంతకంటే బుద్ధిమంతుడైన జూదరిని ఎక్కడ చూస్తాం చెప్పండి!

కానీ ప్రతి మనిషికీ ఒక తిక్క ఉంటుంది. ఈ ఆటలో ఎదుటివాడి మొహం కనిపించదు, వాడు పెట్టుకున్న పేరే కనిపిస్తుంది. ప్రణబేశ్ పెట్టుకున్న పేరు మాస్టారు. అందుకని ఆడేవాళ్లు ఆ పేర్ల పక్కన రంగు చుక్కలు పెట్టుకుంటారు. భయస్తుడికి పచ్చ, దూకుడుగాడికి ఎరుపు. ఎవరు పెట్టుకున్న చుక్క వాళ్లకే కనబడుతుంది. ఒకసారి కాల్‌బైశాఖి అనేవాడొకడు తగిలాడు. వేసవి గాలివాన పేరు పెట్టుకున్నాడంటేనే వాడెలాంటివాడో చూడండి! ప్రణబేశ్ కాసిన పందేన్ని వాడు ఒక్క ఊపున నాలుగింతలు చేసి హడలగొట్టాడు. ప్రణబేశ్ బెదిరిపోయి, కాసిన పందెం వదులుకుని ముక్కలు పడేశాక, తన దగ్గరున్న చెత్త ముక్కలు తిప్పి చూపించాడు. “ఏం మాస్టారూ, పాఠం అర్థమైందా?” అని కింద రాశాడు కూడా. ప్రణబేశ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి పేరు పక్కన ఎర్రచుక్క పెట్టేశాడు. ఆనాటి నుంచి వాడు పందెం పెంచితే చాలు, ఉత్త బెదిరింపేనని ఎదురెళ్లడం, సగంసార్లు బోర్లా పడటం.

“దాదా, నువ్వు ఆడేది వాడితో కాదు, నీ ఉక్రోషంతో,” అనేవాడు ఆయన్ని అన్నగా చూసుకునే పక్కవీధి ఘోతన్. వాడిదీ అదే ఆట.

“నీ సలహా నీ దగ్గరే పెట్టుకుని టీ తాగు,” అనేవాడు ప్రణబేశ్.

ఇంట్లోనూ ఆయనది ఇదే వరస. భార్య కేతకి బడిపంతులమ్మ, నోరున్న మనిషి. కోపమొస్తే గిన్నెలు విసిరికొట్టి, “ఈ పేకల కొంపలో నేనుండను, శాంతిపూర్ మా అన్నయ్య దగ్గరికి పోతా!” అనేది. మొదటిసారి ప్రణబేశ్ నిజమనుకుని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆమె పక్కున నవ్వేసింది. అంతే, ఆ తర్వాత ఆమె ఏమన్నా సరే, అరిచే కుక్క కరవదులే అనుకునేవాడు. కట్టుకున్నదాని గురించి అలా అనుకోవచ్చా? అనుకున్నాడు మరి.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెద్ద పోటీ. ప్రణబేశ్ తెర ముందు కూర్చున్నాడు. కేతకి ఆవనూనె కలిపిన మరమరాల గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

“ఇదిగో, కూచ్‌బిహార్ బళ్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రమ్మన్నారని చెప్పాను కదా. సాయంత్రం రైలుకి వెళ్తున్నాను. నువ్వూ వస్తావా అని నెల నుంచి అడుగుతున్నాను, నవ్వి ఊరుకుంటున్నావు. ఇవాళ కూడా చెప్పకపోతే ఇక నీ దారి నీది, నా దారి నాది.”

గొంతు పెంచకుండా చెప్పింది.

“సరేలే. ఇందులో పచ్చిమిరపకాయ తక్కువైంది,” అన్నాడు ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా. ఛీ, ఏం మనిషి!

ఆట జోరుగా సాగింది. ఒక్కొక్కరే రాలిపోయి, చివరికి కొద్దిమందే మిగిలారు. అందులో కాల్‌బైశాఖి కూడా ఉన్నాడు. ప్రణబేశ్‌కి జంట జాకీలు పడ్డాయి. పందెం పెంచాడు. కాల్‌బైశాఖి దాన్ని అమాంతం మళ్లీ పెంచేశాడు. దానికి సరేనంటే ప్రణబేశ్ దగ్గరున్న చిప్స్, అంటే పందెం బిళ్లలు, అన్నీ అందులోకే పోతాయి.

ఇలాంటప్పుడు ప్రణబేశ్‌కి ఒక పద్ధతి ఉంది. మౌస్ వదిలేసి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంటాడు. ఖాళీగా వదిలితే చెయ్యి బుర్ర కంటే ముందు పరిగెడుతుందని ఆయన భయం. అలా కూర్చుని ఎర్రచుక్క వంక చూశాడు. కొట్టు, కొట్టు అంటోంది చుక్క. కానీ ఇవాళ వాడు చేసిందేమిటి? పోటీ మొదలైనప్పట్నుంచీ దాదాపు ప్రతి ఆటలోనూ ముక్కలు పడేస్తూనే ఉన్నాడు. కింద ఒక్క మాట రాయలేదు. అబద్ధమాడిన రోజు వాగిన నోరు ఇవాళ కిక్కురుమనడం లేదు. నిండు కుండ తొణకదు. ఈ చుక్క వాడి ఆటకి పెట్టింది కాదు, నాకు జరిగిన అవమానానికి పెట్టుకున్నది అని తోచి, ప్రణబేశ్ మనసు చివుక్కుమంది. జాకీలు పడేశాడు.

కాల్‌బైశాఖి జంట రాజులు తిప్పి చూపించాడు.

ఫోను మోగింది. ఆట చూస్తున్న ఘోతన్. “దాదా! వాడికి నువ్వు తలొంచడమా? ఒంట్లో బాగానే ఉందా?”

“అరిచేవాడితో భయం లేదురా. నోరు మెదపకుండా పెంచేవాడున్నాడే, వాడికి భయపడాలి,” అంటూ ప్రణబేశ్ నవ్వబోయాడు.

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పొద్దున్నుంచీ ఇంట్లో ఒక్క గిన్నె చప్పుడు లేదు. మధ్యాహ్నం కేతకి గొంతు కూడా పెంచలేదు. ఫోను కూడా పెట్టేయకుండా లోపలికి పరిగెత్తాడు.

కేతకి నూలు చీర కట్టుకుని సూట్‌కేసుకి తాళం వేస్తోంది.

“నిజంగానే వెళ్తున్నావా?”

“నేనేమైనా పేక ముక్కనా, తిప్పి చూసుకోవడానికి?”

“నేనూ వస్తాను.”

“టికెట్ ఒక్కటే తీశాను. నీ కోసం చూసీ చూసీ.”

ఆ మాట కూడా మెల్లగానే అంది. ప్రణబేశ్‌కి ఏడుపొచ్చినంత పనైంది. సూట్‌కేసు తనే ఎత్తుకుని మెట్లు దిగాడు. పైన తెర మీద చిప్స్ కరిగిపోతున్నాయి, కరగనీ.

టాక్సీ ఎక్కిన కేతకి అవతలి కిటికీ వైపు కాస్త జరిగింది. తనకి చోటిచ్చిందా? రోడ్డు చూడటానికి జరిగిందా? ప్రణబేశ్ అలవాటు కొద్దీ లెక్క కట్టబోయాడు. పేకాటలో ఎదుటివాణ్ణి అడగడానికి ఉండదు, పెళ్లాన్ని అడగొచ్చు. ఇన్నేళ్లూ ఇంత చిన్న సంగతి తోచనందుకు ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది.

“ఎక్కనా, కేతకీ?”

ఆమె ఆయన వైపు తిరిగింది.

“స్టేషన్ దాకా రా. అక్కడ మళ్లీ అడుగు,” అంది.