కొండ మధ్యలో

అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో టీ అడిగితే పాయసం ఇస్తారు. సునామీ తర్వాత రెండో వేసవిలో, అలాంటి టీ ఒకటి తాగి, శాడిల్ పీక్ ఎక్కడానికి ఒంటరిగా బయల్దేరాను. నిట్టనిలువు దారిలో సగానికే నీళ్లు అయిపోయాయి, పిక్కలు పట్టేశాయి. ఇక దిగిపోదామని లేస్తుండగా నేల కాస్త ఊగింది. ఇంటికి పోవాలంటే సముద్రపు ఒడ్డు వెంటే నడవాలి. సునామీ చూసినవాళ్లం, నేల కదిలాక ఒడ్డుకు దిగం. పైకి వెళ్దామంటే కాళ్లు ఒప్పుకోలేదు. ఇరుకు దారికి అడ్డంగా, ఒక వేరు పట్టుకుని, ప్రకృతిని ఆస్వాదిస్తున్నవాడిలా కూర్చుండిపోయాను. కాసేపటికి ఒడ్డున కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ మనవరాలిని చంకనెత్తుకుని, రొప్పుతూ ఎక్కి వచ్చింది. ఆమె వెనక ఇంకా జనం ఉన్నారు.

"ఇక్కడ కూకుండిపోయావేటి, భయ్యా? ఎక్కితే ఎక్కు, లేపోతే హటో. మేం బతకాల."