పోయిన పిల్ల పేరు

సింగపూర్‌లోని సెరంగూన్‌లో కొడుకు దగ్గరుండే కమలాదేవికి మనవరాలు తన్మయి స్నేహితురాలు నయోమీ అంటే ముద్దు. నయోమీది యూదుల కుటుంబం. పన్నెండేళ్లు నిండి పెద్దవాళ్లలో చేరే వేడుకకు ముందు ఏదైనా సేవ చేయాలని ఆ పిల్ల కొన్నాళ్లుగా ఒంటరి ముసలివాళ్లకు భోజనం పట్టుకెళ్తోంది. అంతవరకు కమలాదేవికీ నచ్చింది. కానీ రెండో ప్రపంచయుద్ధంలో జరిగిన యూదుల ఊచకోతలో ఆ వయసుకు రాకముందే హత్యకు గురైన ఒక పిల్ల పేరును, ఆమెకు దక్కని వేడుకలో ఆమెనూ కలుపుకున్నట్టు, నయోమీ చదువుతుందని తెలిసేసరికి ఆమె మనవరాలిని నిలదీసింది.

"శుభమా అని చేసుకుంటూ పోయినవాళ్ల పేరెత్తుతారటే? పిల్లకేమన్నా అయితే?"

"రిలాక్స్ లా, నానమ్మా! నువ్వే వచ్చి చూడు," అంది తన్మయి అక్కడి పిల్లల యాసలో.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కమలాదేవి అక్క ఓణీ వేయకముందే జ్వరంతో పోయింది. తర్వాత కమలకు ఓణీ వేసిన రోజున ఆ పేరు తలచిన మేనత్తను తల్లి అందరి ముందే కడిగేసింది. మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు.

వేడుకలో నయోమీ ఆ పేరు స్పష్టంగా చదివింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. కాసేపటికి అందరూ అక్షింతల్లా చాక్లెట్లు విసిరితే పిల్ల పకపకా నవ్వింది. కమలాదేవి తన గుప్పెట్లోవీ విసిరింది.

తిరుగు రైల్లో తన్మయితో అంది: "నీ ఓణీల ఫంక్షన్లో నేనూ ఒక పేరు చెబుతానే."

"ఎవరిది నానమ్మా?"

"మా అక్కది. రాజ్యలక్ష్మి."

ఇన్నేళ్ల తర్వాత ఆ పేరు అంత తేలిగ్గా నోటికొచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.