బండ కనిపించని ఫోటో

నా చిన్నప్పుడు హోసూరు బజారులో మా నాన్న బట్టల అంగడిని ఆనుకొని మా చిన్నాయన ఫోటో స్టూడియో ఉండేది. వారమంతా పెళ్లిచూపుల ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు తీసేవాడు. ఆదివారం వచ్చిందంటే కెమెరా సంచి భుజానికి తగిలించుకొని దెంకణికోట వైపు బస్సెక్కేవాడు. ఆ కొండల్లోని ఏనుగులు, జింకలు, పక్షులే ఆ రోజు ఆయన గిరాకీలు. నవ్వమంటే నవ్వరు, కూర్చోమంటే కూర్చోరు, ఏం గిరాకీలురా నీవి అని మా నాన్న ఆటపట్టించేవాడు.

నాకప్పుడు పదేళ్లు. బడి లేని రోజంతా స్టూడియోలోనే గడిపేదాన్ని. చీకటి గదిలో ఎర్ర దీపం కింద, మందునీళ్లలో మునిగిన తెల్ల కాగితం మీద మెల్లగా బొమ్మ తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. నా పోరు పడలేక ఒక కార్తీక మాసపు ఆదివారం చిన్నాయన నన్నూ అడవికి తీసుకెళ్లాడు. అక్కడ అటవీ శాఖలో కాపలా పని చేసే తాత ఒకాయన ఉండేవాడు. అడవి అంచునున్న పల్లె ఆయనది. ఆయన మమ్మల్ని నడిపించుకొని పోయి ఒక మడుగు దగ్గర పొదల చాటున కూర్చోబెట్టాడు. పొద్దు వాలే ముందు నేలను తాకేంత దంతాలున్న మగ ఏనుగు వచ్చి నీళ్లు తాగింది. దాని వెనక రెండుగా చీలిన బండ. తాత దాన్ని ఏనుగు అనలేదు, పెద్దాయన అన్నాడు.

మర్నాడు ఆ ఫోటో కడిగేటప్పుడు చిన్నాయన ఒక విచిత్రమైన పని చేశాడు. కాగితానికి అట్ట అడ్డం పెట్టి, బండ ఉన్న మూలకు మాత్రం ఇంకాస్త వెలుతురు తగలనిచ్చాడు. ఆ కాగితానికి వెలుతురు ఎంత ఎక్కువ తగిలితే అంత నల్లబడుతుంది. బొమ్మ తేలాక చూస్తే ఏనుగు ఉంది, నీళ్లున్నాయి, బండ మాత్రం నీడలో కలిసిపోయింది. అంత బాగున్న బండను ఎందుకు చెరిపేశావని అడిగాను. "అది ఆయన ఇల్లు పాపా. ఇంటి అడ్రసు మనం రాయకూడదు," అన్నాడు. నాకు సగమే ఎక్కింది. పెద్దది చేసిన ఆ ఫోటోను గోడకు తగిలించాడు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం కొత్త మనిషి ఒకడు వచ్చి పాస్‌పోర్టు ఫోటో తీయించుకున్నాడు. చిన్నాయన చీకటి గదిలోకి వెళ్లగానే అతను గోడ దగ్గర నిలబడి, "ఈ ఏనుగు యాడుంటాదమ్మా?" అని అడిగాడు. నేను చూశానని చెప్పుకోవడానికి ఎప్పటినుంచో ఎవరైనా దొరకరా అని కాచుక్కూర్చున్నాను. ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో, నీళ్లు పారే వంక ఏ వైపు దాటాలో, చీలిన బండ ఎలా ఉంటుందో పూసగుచ్చినట్టు చెప్పేశాను. "ఏ పొద్దులో వస్తాది?" అన్నాడు. అదీ చెప్పాను. అప్పుడే చిన్నాయన బయటికి వచ్చాడు. ఆ చివరి ప్రశ్న ఆయన చెవిన పడింది. ఫోటోలు రేపు తీసుకుంటానని ఆ మనిషి వెళ్లిపోయాడు.

చిన్నాయన తడి చేతులు తువ్వాలుకు చాలాసేపు తుడుచుకున్నాడు. ఏమేం చెప్పావని నెమ్మదిగా అడిగాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం దాకా చూశాం, ఆ మనిషి రాలేదు. అప్పుడు చిన్నాయన అతని ఫోటోనే పోస్టుకార్డంత పెద్దవిగా నాలుగు కడిగి సంచిలో పెట్టుకున్నాడు. "నువ్వు చెప్పిన మాట గదా, తాతకూ నువ్వే చెప్పాల," అని నన్ను బస్సెక్కించాడు. దంతాల కోసం ఏనుగుల్ని చంపేవాళ్లుంటారని నాకు ఆ బస్సులోనే తెలిసింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ పెద్దాయన చస్తే నా వల్లే చస్తాడు.

తాత ముందు నిలబడి ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన, "చెప్పేసినావా. పోనీలే పాపా. ఇంక పెద్దాయన ఆ నీళ్లకాడికి రాకుండా చూడాల, అంతే," అన్నాడు. ఆ సాయంత్రం నుంచి పల్లెవాళ్లు వంతులు వేసుకొని మడుగు దగ్గర తప్పెటలు కొట్టారు. చిన్నాయన ఇచ్చిన ఫోటోలు, ఈ మనిషి వస్తే గుర్తుపట్టమని, చేతులు మారుతూ టీ అంగడి అక్క దాకా పోయాయి.

వారం తిరక్కుండానే ఆ మనిషి ఇంకో ఇద్దరిని వెంటేసుకొని ఆ పల్లెలో దిగాడట. టీ అంగడి అక్క ముగ్గురికీ టీ పోసి, "స్టూడియోలో మరిచిపోయి వచ్చినావంటనే. ఇదో, తీసుకోప్పా," అని అతని ఫోటో అతని చేతిలోనే పెట్టిందట. టీ గ్లాసులు ముట్టకుండా వచ్చిన బస్సుకే వెళ్లిపోయారట. ఈ సంగతి చెబుతూ మా చిన్నాయన నవ్వినంతగా ఇంకెప్పుడూ నవ్వగా నేను చూడలేదు.

మరో రెండు వారాలకు, పెద్దాయన క్షేమంగా ఉన్నాడో లేదో కనుక్కుందామని మళ్లీ వెళ్లాం. తాత ఇంటి వెనక ఆయన రాగి చేను. కోతకు వచ్చిన చేనులో సగానికి పైగా నేలమట్టమై ఉంది. మట్టిలో జల్లెడంత పాదాల గుర్తులు. మడుగుకు పోనివ్వకపోయేసరికి ఏనుగు నీళ్ల కోసం తాత చేను కింది వంకకు దిగి, దారిలో చేను మేసి పోయింది. ఇలా అవుతుందని తప్పెట ఎత్తిన రోజే తాతకు తెలుసని చిన్నాయన నాకు మెల్లగా చెప్పాడు. నా నోటి తొందరకు ఆయన ఏడాది తిండిలో సగం పోయింది.

తాత భార్య, అవ్వ, మమ్మల్ని కూర్చోబెట్టి వేడివేడి రాగి సంగటి, అనపగింజల పులుసు వడ్డించింది. మిగిలిన చేనులో ముందుగా కోసి నూర్చిన కొత్త రాగులవి. నాకు చెయ్యి కదల్లేదు. తాత నా కంచంలో ఇంకాస్త పులుసు పోసి, "తిను పాపా. ఆయన తినంగా మిగిలినాది మనకు. ఆయన బతికినాడు, చాలదా," అన్నాడు. కన్నీళ్లతోనే మొత్తం తిన్నాను.

ఇప్పుడు ఆ అడవికి అభయారణ్యమని బోర్డు పెట్టారు. చిన్నాయన లేడు, తాతా లేడు. ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే నా మనవరాలు సెలవు రోజున కెలవరపల్లి డ్యాం వైపు పోయి ఫోనుతో పక్షుల్ని తీస్తుంది. మొన్న ఒక గూడు, అందులో మూడు పిల్లలు. ఊరూ గట్టూ పేర్లతో సహా అందరికీ పంపబోతుంటే ఆపి ఈ కథ చెప్పాను. "యాడని అడిగితే ఏం చెప్పాల అవ్వా?" అంది. మన పక్కనే అని చెప్పమన్నాను. ఫోటో పంపింది, చోటు తీసేసింది.

పెద్దాయన ఫోటో మా హాలు గోడకు ఇంకా ఉంది. ఆ మడుగు పేరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఈ కాగితం మీదా రాయలేదు. నోరు అదుపులో పెట్టుకోవడం నాకు భయం వల్ల రాలేదు. ఆ రోజు తాత తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆయన నాకు సంగటి పెట్టాడు.