పులిహోర సంచీ, ఎడమ చెయ్యి

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు, రాదన్న దిగులూ లేదు. చేతిలో గరిటె ఉన్నవాడికి కలంతో పనేమిటని నా ధీమా. సంతకం కూడా బొమ్మలాగా గీయడం నేర్పించి, వంటవాడి వీసా మీద నన్ను నేపర్‌విల్ తీసుకొచ్చాడు మా రెస్టారెంట్ ఓనరు. ఆయనది గుంటూరు, నేను అన్నా అనేవాణ్ణి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. వారాంతపు తెలుగు బడిలో, మోకాళ్ళు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో కూర్చుని, ఆరేళ్ళ పిల్లల పక్కన దిద్దుకున్నాను. (వాళ్ళు నన్ను అంకుల్ అంటూనే నా తప్పులు లెక్కపెట్టేవాళ్ళు.) కాబట్టి ఇందులో ఎక్కడైనా వత్తు జారితే సర్దుకుని చదువుకోండి. చెప్పే సంగతి మాత్రం జారదు, ముప్పై ఏళ్ళుగా నన్ను పట్టుకునే ఉంది.

మా వంటింట్లో గిన్నెలు కడగడానికి ఒక పొడుగాయన వచ్చాడు. మనిషంతా కాళ్ళే. ఏ దేశమని అన్న అడిగితే లాత్వియా అన్నాడు. అదెక్కడుందో మా ఇద్దరికీ తెలియదు. తడిచేత్తో స్టీలు బల్ల మీద సముద్రం గీసి, దాని పక్కన వేలితో ఒక చిన్న చుక్క అద్ది చూపించాడు. మేము వంగి చూసేలోపల అది కాస్తా ఆరిపోయింది. "మీ దేశం ఆరిపోయిందయ్యా!" అని అన్న పగలబడి నవ్వాడు. పొడుగాయన కూడా నవ్వి, "చాలాకాలం అంతే" అన్నాడు. తర్వాత తెలిసింది, ఆయన సైకిలు రేసుల మనిషి. వయసులో ఉన్నన్నాళ్ళూ సోవియట్ వాళ్ళ జట్టులో తొక్కాడు, ఛాతీ మీద పెద్ద దేశం పేరే తప్ప సొంత దేశం పేరు లేదు. తీరా వాళ్ళ దేశం వాళ్ళకి వచ్చేసరికి ఆయనకి ముప్పై దాటాయి. సైకిళ్ళ లెక్కలో అది ముసలితనం. (వంటవాడి లెక్కలో అప్పుడే గరిటె కుదురుతుంది.)

ఆయన దగ్గర లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. అందులో వాళ్ళ దేశపు రేసుగాళ్ళ గురించి పేపర్లలో పడ్డవన్నీ కత్తిరించి అంటించుకున్నాడు. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక వెనక మెట్ల మీద కూర్చుని నాకు చూపించేవాడు. చెక్క ట్రాకు మీద గుండ్రంగా తిరిగి పేరు తెచ్చుకున్నవాడు ఒకడు. ఫ్రాన్సు కొండల్లో పదేళ్ళపాటు తన జట్టు నాయకుడికి నీళ్ళ సీసాలు మోసి, తానొక్కసారీ గెలవకుండానే ఇంటికి పోయినవాడు ఇంకొకడు. పతకాలు తెచ్చి, ఆనక లారీ తోలుకుంటున్నవాడు ఒకడు. ఆ భాష నాకు రాదు. ఏ భాషా రాదు కనుక నాకేం తేడా పడలేదు, బొమ్మలు చూసి తల ఊపేవాణ్ణి. చివర్లో ఖాళీ కాగితాలు కొన్ని ఉంటే, ఇవెందుకని అడిగాను. "నాకు" అన్నాడు.

ఆ వేసవిలో విస్కాన్సిన్ వైపు పల్లె రోడ్ల మీద ఒక పెద్ద రేసు పడింది. అందులో మొదటి ముగ్గురిలో వస్తే వచ్చే ఏడాదికి జట్టులో చోటిస్తామని ఒక టీము మేనేజరు ఆయనకి మాటిచ్చాడు. ఆ ఏడు తప్పితే ఇంకో ఏడు లేదు, అది ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. ముదురెరుపుకి నడుమ తెల్లచార వేసి, వాళ్ళ దేశం రంగుల్లో చొక్కా ఒకటి కుట్టించుకున్నాడు. నాలుగు గంటలకి పైగా తొక్కాలి, నడిమధ్యలో తిండి అందకపోతే కాళ్ళు చచ్చిపోతాయట. అందుకని ఒక ఎత్తు దగ్గర, సైకిళ్ళు నెమ్మదించే చోట, ఎవరో ఒకరు నిలబడి తిండిసంచీ అందించాలి. డబ్బున్న టీములకి దానికి వేరే మనుషులుంటారు. ఈయనకి నేనున్నాను.

"చెఫ్, నీ ఎల్లో రైస్. చిన్న చిన్న ముద్దలు" అన్నాడు. నా పులిహోర ఆయనకి ప్రాణం. గిన్నెలు కడగడానికి వచ్చిన మొదటి రోజే నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. నేను వడ్డిస్తూ ఉంటే "చాలు" అనాలని అన్న ఆయనకి నేర్పాడు గానీ, ఆ మాటతో ఆయనకి పనిపడలేదు.

నెలరోజులు రెస్టారెంట్ వెనక పార్కింగ్ లాట్‌లో ప్రాక్టీసు. నేను రోడ్డు కుడి అంచున, సైకిలు పోయే దిక్కుకే పరుగెత్తాలి. ఎడమ చెయ్యి రోడ్డు మీదికి చాచి, సంచీ పట్టీని రెండు వేళ్ళతో పట్టుకోవాలి. ఆయన వెనక నుంచి వచ్చి లాక్కుంటాడు, నేను వదిలెయ్యాలి. "ఓన్లీ లెఫ్ట్, చెఫ్. కుడి చెయ్యి లేదనుకో." ఆయన లేనప్పుడు అన్న తానే సైకిలెక్కి, బొజ్జ హ్యాండిల్‌కి ఆనించి, "వస్తున్నా, వస్తున్నా, వదులు తమ్ముడూ!" అని అరుచుకుంటూ వచ్చేవాడు. రెండుసార్లు చెత్తడబ్బాలో పడ్డాడు. నేను మాత్రం ఒక్కసారీ తప్పలేదు. పొడుగాయన నా భుజం తట్టి, మీ దేశంలో ఇది నేర్పుతారా అని కూడా అడిగాడు.

రేసు రోజు తెల్లవారుజామునే లేచి వండాను. ఇంగువ ఘాటుగా, ఆవపిండి కొంచెం ఎక్కువగా. ముద్దలు చేసి, వెండికాగితంలో చుట్టి, సంచీలో పేర్చాను. ఎండ మాడుతోంది. ఎత్తు దగ్గర నేనూ అన్నా నిలబడ్డాం. "ఒరేయ్, నలుగురే ఉన్నారు ముందు! మనోడు మూడోవాడు!" అని అన్న గంతేశాడు. చూశాను. ముదురెరుపు, తెలుపు, ముదురెరుపు. నేర్పినట్టే పరుగు మొదలెట్టాను, ఎడమ చెయ్యి చాచాను. సంచీ అడుగున ముద్దలు ఇంకా గోరువెచ్చగా నా మణికట్టుకి తగిలాయి. అంతే.

పదేళ్ళ వయసు నుంచి పెళ్ళిళ్ళలో వడ్డించినవాణ్ణి. ఎడమ చేతిలో బకెట్, కుడి చేతిలో గరిటె. ఒకసారి తొందరలో ఎడమ చేత్తో అన్నం అందించినందుకు మా అమ్మ గరిటె కాడతో మణికట్టు మీద కొట్టింది. సరిగ్గా ఆ మణికట్టు మీదే. నేనేమీ ఆలోచించలేదు, ఒట్టు. చెయ్యే తనంతట తాను మారింది. సంచీ కుడి చేతిలోకి పోయింది, దాన్ని అందించడానికి ఒళ్ళంతా రోడ్డు వైపు తిరిగింది, ఒక కాలు రోడ్డు మీదికి పడింది. ఆయన నా ఎడమ చేతి కోసం వంగాడు, అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. పట్టీ ఆయన హ్యాండిల్‌కి తగులుకుంది. ఆయనకి సరిగ్గా అందలేదు గదా అని నేను గట్టిగా పట్టుకున్నాను. (వడ్డించేవాడు విస్తట్లో పడేదాకా వదలడు.) అన్న "వదలరా!" అని అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పడ్డాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు వినపడింది. మిగతా ముగ్గురూ ఎత్తు ఎక్కేసి మలుపు తిరిగారు. ఆయన లేచి, ఒంటిచేత్తో సైకిలు ఎత్తి, ఎక్కి, ఇరవై గజాలు తొక్కాడు. నేను పక్కన పరుగెత్తాను, ఏం చెయ్యడానికో నాకే తెలియదు. తర్వాత ఆగి, దిగి, గడ్డిలో కూర్చున్నాడు. తెల్లచార నిండా పసుపు. అన్న నా మీద పడ్డాడు: "నెలరోజులు చేశావు గదరా! ఒక్కసారి తప్పావా? ఇవాళేం పుట్టింది నీకు?"

"అన్నా, అప్పుడు సంచీ ఖాళీది. ఇందులో అన్నముంది."

అన్న గడ్డిలో పడ్డ ముద్దల వంక చూశాడు. "అవును గదరా" అన్నాడు నెమ్మదిగా. "మనకి తోచలేదు." ఆ తర్వాత ఆయనకి ఇంగ్లీషులో చెప్పాల్సిన పని అన్న మీద పడింది. ఎడమ చేత్తో అన్నం పెట్టకూడదని, అదొక అవమానమని, వీడు కావాలని చెయ్యలేదని చెప్పాడు. పొడుగాయన నా వంక చూశాడు. "నాకు మర్యాద చేశావా, చెఫ్?" అన్నాడు. నేను తల ఊపాను. నవ్వాడు. నొప్పికి ఆపాడు, మళ్ళీ నవ్వాడు. చివరికి మొహం అటు తిప్పుకున్నాడు. ఆ చివరిది నవ్వు కాదు. అంబులెన్సు వచ్చేలోగా గడ్డిలో పడ్డ ముద్ద ఒకటి ఏరుకుని, విప్పుకుని తిన్నాడు. "గుడ్ రైస్" అన్నాడు.

జట్టులో చోటు ఇంకెవరికో పోయింది. ఆయన మా ఊళ్ళోనే రైలుస్టేషన్ పక్కన సైకిళ్ళు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు నేను మధ్యాహ్నం భోజనం అక్కడే చేశాను. ఒక్కరోజూ నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. షాపుకి ఎవరొచ్చినా నన్ను చూపించి, "ఐరోపాలో నన్ను పడగొట్టినవాడు లేడు, ఈ వంటాయన పడగొట్టాడు" అని చెప్పి నవ్వించేవాడు. తర్వాతి రోజుల్లో వాళ్ళ దేశపు కుర్రాళ్ళు టీవీలో కనపడసాగారు. చిన్నచక్రాల సైకిళ్ళ మీద మట్టిగుట్టలు దూకేవాళ్ళు, పెద్ద రేసుల్లో తొక్కేవాళ్ళు, ఛాతీ మీద సొంత దేశం పేరుతోనే. వాళ్ళ కాగితాలూ కత్తిరించి అంటించాడు. కానీ టీవీలో ఎవరు గెలిచారన్నది పెద్దగా పట్టించుకునేవాడు కాదు. సంచీలందించే చోటు వస్తే మాత్రం కుర్చీలో ముందుకు వంగి, "లెఫ్ట్. చూశావా చెఫ్? లెఫ్ట్" అనేవాడు. నేను లేచి టీ పెట్టడానికి పోయేవాణ్ణి.

నిరుడు వసంతంలో ఆయన్ని హాస్పిస్‌లో, అంటే చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని చూసుకునే చోట, చేర్చారు. అక్కడి నర్సు మన పిల్లే, ఇక్కడే పుట్టింది. "అంకుల్, టూ డేస్ నుంచి ఏమీ ఈట్ చెయ్యట్లేదు. మీరు ట్రై చేస్తారా, ప్లీజ్?" అంది.

"ఏం పెట్టచ్చమ్మా?"

"ఎనీథింగ్ సాఫ్ట్ అంకుల్. ఆయనకి ఏది ఇష్టమో అది."

పులిహోర అరగదని పెరుగన్నం మెత్తగా పిసికి తీసుకెళ్ళాను. మూత తియ్యగానే ఆయన తొంగిచూసి, "ఎల్లో కాదా?" అని మొహం ముడుచుకున్నాడు. పక్కన కూర్చుంటే నా కుడి చెయ్యి పట్టుకున్నాడు. అరగంట అలాగే ఉన్నాం. ఇక పెడదామని చెయ్యి లాక్కోబోతే వదల్లేదు. ముప్పై ఏళ్ళు బ్రేకులు పట్టిన చెయ్యి, మిగిలిన బలమంతా అక్కడే ఉంది. చెంచా ఎడమ చేత్తో తీసుకున్నాను. ఒక్క క్షణం మణికట్టు చురుక్కుమంది. పెట్టాను. తిన్నాడు. నా ఎడమ చేతినే చూస్తూ తిన్నాడు. రెండోది పెట్టాను. మూడోదానికి తల తిప్పి, "చాలు" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

పుస్తకం నాకు ఇమ్మన్నాడట, ఆయన పోయాక నర్సు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చి చివరి కాగితాలు తిప్పాను. అన్నీ ఖాళీయే, ఒక్కదాంట్లో తప్ప. అందులో నలిగిన వెండికాగితం ముక్క ఒకటి సాపుచేసి అంటించి ఉంది, మూల కొంచెం పసుపు మరక. పక్కన ఒక్క అక్షరం లేదు. అక్షరం వచ్చినవాణ్ణి కనుక ఇది రాశాను, ఆ కాగితం పక్కన పెడతాను.

నిన్న మధ్యాహ్నం టీవీలో రేసు వచ్చింది. ఏ దేశంలోనో, ఏదో కొండ. గుంపులో ఒకడు ముదురెరుపు, తెలుపు తొడుక్కుని ఉన్నాడు. సంచీలందించే చోటు వచ్చింది. ఎవరో నాలాంటివాడు రోడ్డంచున పరుగెత్తుతున్నాడు. "లెఫ్టు, లెఫ్టు, వదులు!" అని అరిచాను. అందింది, కుర్రాడు పోయాడు. చూసుకుంటే, డెబ్భైకి చేరువవుతున్న ముసలాణ్ణి, సోఫా ముందు లేచి నిలబడి, ఎవరూ లేని గదిలోకి ఎడమ చెయ్యి చాచి ఉన్నాను. రెండు వేళ్ళు సరిగ్గా ఆయన నేర్పినట్టే విడిచిపెట్టి ఉన్నాయి.