ఎర్ర తీగ

వేడి కొలిచే పనివాడికి కెల్విన్ అని వేడి కొలమానం పేరే ఉండటం చూసి ఆస్ట్రేలియాలోని పోర్ట్ పిరీలో నవ్వనివాడు లేడు. కెల్విన్ పాస్కో మొదట ఇళ్ళకు కరెంటు పని చేసేవాడు. తర్వాత ఇనుప దూలాలకు జింకు పూత పూసే ఫ్యాక్టరీలో మీటర్లు చూసే పనికి మారాడు. ఆ పని గురించి ఎవరైనా అడగాలే గానీ, ఇక ఆగేవాడు కాదు.

"పాదరసం వేడికి ఉబ్బి గొట్టంలో పైకి పాకుద్ది. ప్లాటినం తీగ వేడెక్కితే కరెంటుని పోనివ్వక మొండికేస్తది. నా ముద్దుబిడ్డ థర్మోకపుల్ దారి వేరు. రెండు రకాల లోహాల తీగలు ముడేసి, ముడిని వేడిలో పెట్టు, రెండో కొస చల్లగా ఉంచు. పిసరంత కరెంటు పుడుద్ది. అదే వేడి లెక్క."

"నీ బిడ్డని నువ్వే ముద్దాడుకో, మాకెందుకురా!" అనేవాడు లాయిడ్ హైన్రిక్. కరిగిన జింకు తొట్టి దగ్గర జుట్టు నెరిసిపోయిన మనిషి అతను.

నడివేసవి జనవరి ఎండల్లో, ఆ పిసరంత కరెంటును తొట్టి నుంచి మీటరు గదికి మోసే జంట తీగ కాలిపోయింది. స్టోర్లో అమెరికా రకం తీగ చుట్ట ఒక్కటే మిగిలి ఉంది. ఆ రకంలో ఎర్రది మైనస్. ఆ సంగతి కెల్విన్‌కు తెలుసు. కానీ ఇళ్ళలో ఎర్రదాన్నే కరెంటు తీగగా కట్టిన చేతులకు తెలిసింది వేరు. అలవాటు అన్నం పెడుతుంది, కొంపా ముంచుతుంది. రెండు కొసల్లోనూ ఎర్రదాన్ని ప్లస్‌కే బిగించాడు. ఒక్క కొసే తప్పితే మీటరు పిచ్చి అంకె చూపి పట్టించేది. రెండూ తప్పడంతో బుద్ధిగా, ఉండాల్సిన నాలుగువందల యాభై డిగ్రీలే చూపించింది. తొట్టి పక్కన తీగ మొదటి కొస బిగించిన పెట్టె కాగిపోతోంది, మీటరు గది ఏసీలో చల్లగా ఉంది. ఆ తేడాకు రెట్టింపు లెక్కలోంచి జారిపోయింది. అసలు వేడి ఐదువందలు దాటింది. అంత వేడిలో జింకు ఇనుప తొట్టినే తినేస్తుంది.

"కెల్, జింకు నీళ్ళ మజ్జిగలా జారిపోతోందిరా. అడుగున మడ్డి రోజూ పెరుగుతోంది. వేడెక్కువైంది," అన్నాడు లాయిడ్.

"మీటరు సరిగ్గానే ఉంది. నీకే వయసు ముదిరింది, తాతా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు కెల్విన్. ఆ వారమే తొట్టికి చిల్లు పడింది. బర్నర్లు ఆపడానికి కిందికి దిగిన లాయిడ్ కాళ్ళ మీద జింకు పారింది. అడిలైడ్ ఆసుపత్రిలో రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా తీసేశారు. మడ్డి తోడించకపోవడం లాయిడ్ తప్పేనని మేనేజరు తేల్చేశాడు.

శిథిలాల్లోంచి తీగ లాగుతున్నప్పుడు కెల్విన్‌కు ప్లస్‌కు బిగించి ఉన్న ఎర్ర కొస కనిపించింది. తను చేసిన తప్పేంటో అర్థమైంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. లాయిడ్ మాత్రం ఆ నిందతోనే పోతాడు. మర్నాడే అడిలైడ్ వెళ్ళాడు.

"మడ్డి ముందే తోడించాల్సింది," అన్నాడు లాయిడ్, పైకప్పును చూస్తూ. "వేడి సరిగ్గానే ఉందని నువ్వు చెప్పనే చెప్పావు. నా చేతులారా చేసుకున్నాను."

"కాదు. నేనే తీగ తిరగేసి కట్టాను. నువ్వన్నదే నిజం, లాయిడ్. వేడెక్కువైంది."

లాయిడ్ తల తిప్పి కెల్విన్‌ని చూశాడు. తర్వాత చెయ్యి చాచాడు. పట్టుకోమంటున్నాడనుకుని కెల్విన్ ఏడుస్తూ ముందుకు వంగాడు.

"చెయ్యి కాదు, ఫోను," అన్నాడు లాయిడ్. "మేనేజరుకి కలుపు. ఇదే మాట నా ముందే చెప్పు."