జేబు మీద పసుపు మరక

పెర్కిట్‌లో మా ఇంటి వెనక కల్లం మీద ఉడకబెట్టిన పసుపు ఆరుతోంది. ఈ పొద్దున ప్రార్థన ముగించి కళ్లు తెరిచేలోపే కిటికీలోంచి ‘టక్’మని చప్పుడు వినిపించింది. ఎవరో కొమ్ము విరిచి చూస్తున్నారు. బాగా ఎండిన కొమ్మే అట్లా మోగుతుంది. లోపల తడి ఉంటే మెత్తగా వంగిపోతుంది తప్ప పలకదు. పసుపును చెవితో కూడా చూడొచ్చని నాకు నేర్పింది రహీం సార్.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడే పోలియోతో కాలు చచ్చుబడితే, అమ్మ బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే చదువు చెప్పింది. టైపింగ్ కూడా ఇంటి దగ్గరే నేర్చుకున్నాను. రెండు వేల ఏడో, ఎనిమిదో, ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ గదిలో పని ఉందంటే వెళ్లాను. అక్కడ చరిత్ర చెప్పే లెక్చరర్ రహీం సార్. షుగరు జబ్బు ఆయన చూపును పూర్తిగా తీసుకుపోయినా పాఠం చెప్పడం మానలేదు. సర్టిఫికెట్లు లేని నన్ను అందరూ ఎగాదిగా చూస్తుంటే ఆయన ఒక్క మాటే అడిగారు.

“నీ ముంగట ఏమున్నది బిడ్డా?”

“కంప్యూటర్ సార్.”

“గా ముచ్చట నాకు తెల్వదా? కిటికీ అవతల జూసి చెప్పు.”

రోడ్డు పక్కన లారీ ఆగి ఉందని, పసుపు బస్తాకు ఆనుకుని ఒకామె ఇంకొకామె తలలో పేలు చూస్తోందని చెప్పాను. సార్ పకపకా నవ్వారు. “మస్తు చెప్పినవ్. రేపటి సంది రా.” నా బతుకులో దేవుడు తెరిచిన తలుపుల్లో అది ఒకటి. ఆ రోజు నుంచి పొద్దున్నే కిటికీ అవతల ఏముందో ఆయనకు చెప్పడం నా మొదటి పని.

ఆ ఏడే దొంకేశ్వర్ నుంచి బాలమణి అనే అమ్మాయి చేరింది. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది అక్షరాలను పైకి చదివే గొంతు ఒకటి కంప్యూటర్‌లో ఉండేది. ఆ పిల్ల చదువంతా దాని మీదే. మా లెక్చరర్లేమో చేతిరాత నోట్సును ఫోటోలుగా తీసి కాలేజీ వెబ్‌సైట్‌లో పెట్టేవారు. ఫోటోలోని అక్షరాలను ఆ గొంతు చదవలేదు. చూపులేని పిల్లలకు కూడా అందేటట్టు పాఠాలు ఎట్లా పెట్టాలో నేర్పే ఆన్‌లైన్ శిక్షణ అప్పటికే ఒకటి అయిపోయింది. సార్లంతా చాయ్ తాగుతూ ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు. మొదటి పరీక్షల్లో బాలమణి తప్పింది. ఇంకోసారి తప్పితే చదువు బంద్ అని వాళ్ల నాయన చెప్పి వెళ్లాడు.

మర్నాడు రహీం సార్ లెక్చరర్లందరినీ మా గదికి పిలిచారు. అంతకుముందే ప్రతి తెర మీదా తువ్వాల కప్పమని నాతో అన్నారు. ఎకనామిక్స్ చెప్పే నర్సింలు సార్ వస్తూనే వెక్కిరించారు. “ఏంది రహీం భాయ్, కంప్యూటర్లకు సలి పెడ్తున్నదా?”

“జర కూసో నర్సింలూ. నీ నోట్సే ఇనిపిస్త.”

“నా నోట్సా? అయితే అందరూ పండుకుంటరు.”

నేను మీట నొక్కాను. “గ్రాఫిక్,” అంది గొంతు. అంటే బొమ్మ అని. మళ్లీ నొక్కాను. “గ్రాఫిక్.” ఇంకోసారీ అదే. అందరూ నవ్వారు. మూలన కూర్చున్న బాలమణి మెల్లగా అంది, “నాకు రోజూ గిదే పాఠం సార్.”

నవ్వు ఆగిపోయింది. నర్సింలు సార్ తల దించుకున్నారు.

శిక్షణను మళ్లీ మొదటినుంచి మనమే తయారు చేద్దామన్నారు రహీం సార్. ఆయన చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. పాఠంలో బొమ్మ పెడితే, అందులో ఏముందో ఆ గొంతు చదవడానికి ఒక వాక్యం రాయాలి. అప్పటికి షుగరు ఆయన కిడ్నీల దాకా వచ్చింది. నిజామాబాద్ దవాఖానకు తిరుగుతూ, ఇంట్లో మంచం మీదే పాఠాలు వినేవారు. తొందరలో నేను బొమ్మలన్నిటికీ ఒకే మాట రాసి, కాలేజీ ల్యాప్‌టాప్‌లో పట్టుకెళ్లాను.

“ఫోటో,” అంది గొంతు.

“ఏం ఫోటో బిడ్డా?” అన్నారు. ఆయన జేబులోంచి పసుపు కొమ్ము తీశారు. వాళ్ల నాయన పసుపు మండీలో హమాలీ. ఆ అలవాటుతో ఎప్పుడూ ఒక కొమ్ము జేబులో ఉండేది. చెవి దగ్గర పెట్టుకుని టక్కున విరిచారు. “గిట్ల పలకాలె. నువ్వు రాసింది పచ్చి పసుపు. రోజూ నాకు కిటికీ జూసి చెప్తవ్ గద, గట్లనే రాయి.”

ఇంటికి వచ్చి ఏడ్చాను, ప్రార్థించాను, అన్నీ మళ్లీ రాశాను. సగం పాఠాలు విన్నారు. మిగతావి వినడానికి ఆయన లేరు.

శిక్షణ జరిగింది. ఈసారి ఎవరూ ఊరికే ‘నెక్స్ట్’ నొక్కలేదు. నర్సింలు సార్ తన నోట్సంతా రెండు వేళ్లతో తానే టైపు చేశారు. బాలమణి తప్పిన పరీక్షలు కూడా పాసైంది. ఆ కబురు నాకు చెప్పి, “సార్‌కు చెప్పాలె గదక్కా,” అని ఏడ్చింది.

శిక్షణ మొదటి పేజీలో సార్ ఫోటో పెట్టాలన్నారు లెక్చరర్లు. దానికి వాక్యం రాయడానికి నాకు రోజంతా పట్టింది. చివరికి, “రహీం సార్. తెల్ల చొక్కా. జేబు మీద పసుపు మరక. తల కొంచెం వంచి, ఎవరో చెప్పేది వింటున్నారు” అని రాశాను. బాలమణి విని, మళ్లీ ఒకసారి మీట నొక్కింది.

“జేబు మీద మరక ఉంటుండెనా అక్కా? నాకు తెల్వకపాయె.”

“ఎప్పుడూ ఉండేది.”

“సార్‌కు ఎరుకేనా?”

కిటికీ అవతల లారీలు, మబ్బులు, దారిన పోయే మేకలు, అన్నీ చెప్పాను ఆయనకు. నొచ్చుకుంటారేమోనని ఆ ఒక్క మరక సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత నవ్వేవారో!

ఇప్పుడు నా ప్రార్థనలో అడగడం తక్కువ. చూసింది చూసినట్టు చెబుతాను. ఈ పొద్దున కల్లం మీద పసుపు సంగతి చెప్పాను. తర్వాత రోజూలాగే ఆ జేబు మీది మరక గురించి కూడా చెప్పాను, సార్ దాకా చేరవేయమని.